పుట్టుక వేరు, పొత్తు వేరు

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా చుట్టరికాలుంటాయి. వాటిని సరిగా గుర్తించటం ఎంత కష్టమో, గుర్తించకపోతే ఎంత నష్టమో తెలిపే కథ ఇది.

1967 వసంతకాలం. నార్వే రాజధాని ఓస్లోలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి ఒకరు కంగారుగా టెలిఫోన్ ఆపరేటరు వద్దకు వచ్చారు. పై అంతస్తు వసారాలో, నల్లబల్ల ముందు, ఇద్దరు మనుషులు భీకరంగా పోట్లాడుకుంటున్నారనీ, ఏం చేయాలో పాలుపోవడం లేదనీ మొరపెట్టుకున్నారు. ఆపరేటరు తన గదిలోనుంచి బయటకు వచ్చి, కొద్ది క్షణాలు చెవియొగ్గి విన్నది. కంగారు పడనక్కరలేదనీ, అది దాల్, నైగార్డ్‌లు సిమ్యులా గురించి చేసుకుంటున్న చర్చ మాత్రమేననీ చెప్పింది.

ఆ చర్చకు మూలం పైకి చాలా చిన్నదిగా కనిపించే ప్రశ్న. లోకంలో ఒక వస్తువుకూ మరొక వస్తువుకూ నడుమ ఉండే సంబంధాన్ని యంత్రానికి బోధపడే భాషలో చెప్పటం ఎట్లా? ఆ ప్రశ్నకు ఓస్లోలో దొరికిన సమాధానం మీదనే నేటి బ్యాంకు ఖాతాలు, రైల్వే రిజర్వేషన్లు, చేతిలోని ఫోన్లు చాలావరకు నడుస్తున్నాయి. ఆ సమాధానంలోని లోతుపాతులు తెలుసుకోవటానికి మాత్రం ప్రపంచానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

వంతెన వద్ద బారులు తీరిన బండ్లు

క్రిస్టెన్ నైగార్డ్ 1926లో జన్మించాడు. యువకుడిగా నార్వే రక్షణ పరిశోధన సంస్థలో గణనకార్యాలతో జీవితం ప్రారంభించి, 1960లో కంప్యూటింగ్ సెంటర్‌కు వచ్చాడు. ఓలె-యోహాన్ దాల్ అతనికంటె అయిదేళ్లు చిన్నవాడు. నైగార్డ్ గట్టిగా మాట్లాడే మనిషి, రాజకీయాలలో ఆసక్తి కలవాడు. దాల్ మితభాషి, సంగీతప్రియుడు. భిన్నస్వభావులైన ఈ ఇద్దరూ కలిసి తలపెట్టిన పని, లోకవ్యవహారాన్ని యంత్రంలో అనుకరించి చూపటం. కార్ఖానాలో సరుకు ఎక్కడ ఆగిపోతున్నది, పోస్టాఫీసులో వరుస ఎందుకు పెరుగుతున్నది వంటి ప్రశ్నలకు ముందుగానే జవాబు రాబట్టటం వారి లక్ష్యం. అందుకోసం వారు సృష్టించిన భాష పేరు సిమ్యులా. అమెరికాకు చెందిన యూనివాక్ సంస్థ తన 1107 నమూనా యంత్రాన్ని తగ్గింపు ధరకు ఇచ్చి, బదులుగా ఆ భాషను కోరింది. 1964 చివరినాటికి తొలి సిమ్యులా సిద్ధమైంది.

వాడుకలోకి రాగానే ఒక లోపం బయటపడింది. వంతెన దగ్గర సుంకం వసూలు చేసే గేటును ఊహించుకోండి. దాని ముందు లారీలు, బస్సులు, ఇతర వాహనాలు బారులు తీరి ఉన్నాయి. లారీకి బరువు ఉంది. బస్సుకు ప్రయాణికులు ఉన్నారు. సుంకం లెక్క వేరువేరు. కాని రెండూ వాహనాలే, రెండూ అదే వరుసలో నిలబడవలసినవే. లారీ గురించి రాసిన వివరాలలో సగానికి సగం బస్సుకూ వర్తిస్తాయి. అయినా తొలి సిమ్యులాలో వాటిని మళ్లీ మొదటినుంచీ రాయవలసిందే. పైగా ఒక లారీ ఏకకాలంలో లారీ, వాహనం, వరుసలో ముందువాడినీ వెనుకవాడినీ గుర్తుంచుకునే సభ్యుడు కూడా. ఈ మూడు రూపాలను ఒకే వస్తువులో ఇమడ్చటం ఎట్లా?

1966 సెప్టెంబరులో ఫ్రాన్సులోని విలార్-ద-లాన్స్‌లో జరిగిన వేసవి పాఠశాలలో ఇంగ్లండుకు చెందిన టోనీ హోర్ వివరించిన భావాలు వారికి కొంత దారి చూపాయి. 'క్లాసు' అనే మాట కూడా అక్కడినుంచే వచ్చింది. ఆ శీతాకాలంలో అసలు పరిష్కారం తట్టింది. ఉమ్మడి వివరాలన్నీ 'వాహనం' అనే క్లాసులో ఒక్కసారి రాయాలి. 'లారీ' అనే క్లాసు రాసేటప్పుడు దాని తలపై 'వాహనం' అన్న మాట చేర్చాలి. అంతటితో వాహనానికున్నవన్నీ లారీకి సంక్రమిస్తాయి. లారీకి ప్రత్యేకమైనవి మాత్రమే కొత్తగా రాస్తే చాలు. 1967 మేలో ఓస్లో సమీపంలోని లిసెబులో జరిగిన సదస్సులో దాల్, నైగార్డ్‌లు ఈ భావాన్ని లోకానికి వెల్లడించారు. తరువాతి కాలంలో వారసత్వమని పేరుపొందిన సంబంధం ఇదే.

అయిదు రకాల బంధాలు

క్లాసు అంటే నమూనా, అచ్చు వంటిది. ఆ అచ్చులో పోసి తీసిన ఒక్కొక్క బొమ్మ ఆబ్జెక్టు. 'ఖాతా' అనేది క్లాసు అయితే, ఫలానా నంబరు గల ఫలానావారి ఖాతా ఆబ్జెక్టు. ప్రతి ఆబ్జెక్టుకూ తన వివరాలుంటాయి, తాను చేయగల పనులుంటాయి. పెద్ద ప్రోగ్రాములో ఇటువంటి క్లాసులు వేలసంఖ్యలో ఉంటాయి. ఒంటరిగా ఏదీ పని చేయదు. అందుచేత వాటిమధ్య సంబంధాలు తప్పవు. 1997లో ప్రామాణికంగా ఆమోదించబడిన యూఎంఎల్ అనే చిత్రలిపిలో ఈ సంబంధాలకు వేరువేరు గుర్తులున్నాయి.

మొదటిది వారసత్వం. లారీ ఒక వాహనం. ఇక్కడ 'ఒక' అనే మాట కీలకం. గీత చివర బోలు త్రికోణం దీని గుర్తు. ఇది పుట్టుకతో వచ్చే బంధం, తెంచుకోవటానికి వీలులేనిది.

రెండవది అంగాంగి సంబంధం. కిరాణా దుకాణం బిల్లునూ అందులోని పద్దులనూ చూడండి. కిలో కందిపప్పు, అర కిలో బెల్లం అన్న పద్దులకు ఆ బిల్లులో తప్ప వేరే ఉనికి లేదు. బిల్లు చింపివేస్తే పద్దులూ పోయినట్లే. ఇటువంటి బంధాన్ని నిండైన నల్లని వజ్రాకారంతో సూచిస్తారు.

మూడవది కూడిక. రైలుకు పెట్టెలున్నాయి. కాని ఆ పెట్టెను ఈ రైలునుంచి విడదీసి మరొక రైలుకు తగిలించవచ్చు. రైలు రద్దయినా పెట్టె యార్డులో నిలిచే ఉంటుంది. దీని గుర్తు బోలు వజ్రాకారం.

నాలుగవది పరిచయం. ప్రయాణికునికీ రైలుకూ మధ్య ఉన్నది ఇదే. ఒకదాని సంగతి మరొకదానికి తెలుసు. ఎవరూ ఎవరిలోనూ భాగం కారు. ఉత్త గీత చాలు.

అయిదవది అవసరం. టిక్కెట్టును అచ్చువేయవలసి వచ్చినప్పుడు మాత్రమే అచ్చుయంత్రంతో పని. పని ముగియగానే ఎవరి దారి వారిది. చుక్కల గీతతో దీనిని చూపుతారు.

తెలుగు పాఠకునికి ఈ విభాగం మరీ కొత్త కాదు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి జాతి, వ్యక్తి అన్న మాటలు పరిచితమే. విడదీయరాని సంబంధాన్ని సమవాయమనీ, కలిసి విడిపోగల సంబంధాన్ని సంయోగమనీ మన తార్కికులు వేరుచేశారు. దారాలకూ వస్త్రానికీ నడుమ ఉన్నది సమవాయం. కుండకూ అది కూర్చున్న నేలకూ నడుమ ఉన్నది సంయోగం. బిల్లు, పద్దుల బంధానికీ రైలు, పెట్టెల బంధానికీ గల తేడా దీనికి దగ్గరగా ఉన్నది. అయితే పోలికను మరీ సాగదీయకూడదు. తార్కికుని దృష్టిలో జాతి నిత్యం. ప్రోగ్రామరు క్లాసును తన అవసరం కోసం తానే తయారుచేసుకుంటాడు. తయారుచేసుకున్నది కనుకనే పొరపాటు పడే అవకాశమూ ఉంది.

వారసత్వపు మోజు

సిమ్యులా నాటిన విత్తనం రెండు చోట్ల మొలకెత్తింది. అమెరికాలో అలన్ కే అనే పరిశోధకుడు, జీవశాస్త్రం చదివినవాడు, సిమ్యులాను చూసి శరీరంలోని కణాలను తలచుకున్నాడు. ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్వతంత్ర కణాలవలె ప్రోగ్రాము ఉండాలన్నది అతని ఊహ. 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు అతడే. 1972లో అతని బృందం రూపొందించిన తొలి స్మాల్‌టాక్ భాషలో అసలు వారసత్వమే లేదు. 1976 నాటి రూపంలో అది చేరింది. రెండవవాడు డెన్మార్క్‌కు చెందిన బియార్న్ స్ట్రౌస్ట్రప్. కేంబ్రిడ్జిలో పరిశోధన చేసేటప్పుడు సిమ్యులాను వాడిచూసి ముగ్ధుడై, 1979లో బెల్ లేబొరేటరీస్‌లో సి భాషకు క్లాసులను జోడించటం ప్రారంభించాడు. అదే సి ప్లస్ ప్లస్.

అప్పటినుంచి వారసత్వమంటే ప్రోగ్రామర్లకు ఎక్కడలేని మోజు పుట్టింది. ఒకసారి రాసినదాన్ని మళ్లీ రాయనక్కరలేదు; తండ్రి సంపాదించినది కొడుకు అనుభవించినట్లే. తాత, తండ్రి, మనుమడు, మునిమనుమడు అంటూ ఏడెనిమిది తరాల వంశవృక్షాలు వెలిశాయి. కాని ఆస్తితోపాటు అప్పులు కూడా సంక్రమిస్తాయన్న సంగతి క్రమంగా తెలిసివచ్చింది. మూలపురుషుని స్థానంలో ఉన్న క్లాసులో చిన్న మార్పు చేస్తే, ఎక్కడో అట్టడుగున ఉన్న మునిమనుమని పని చెడిపోతుంది. మార్పు చేసినవానికి ఆ మునిమనుమడున్నట్లే తెలియకపోవచ్చు.

ఇద్దరు తండ్రులున్నప్పుడు చిక్కు మరింత ముదురుతుంది. నేలవాహనం, నీటివాహనం అని రెండు క్లాసులున్నాయి. రెండూ 'వాహనం' నుంచి పుట్టినవే. నేలమీదా నీటిలోనూ నడిచే బండిని రెండింటికీ వారసునిగా చేశారనుకోండి. 'వాహనం'లో వేగాన్ని దాచుకునే అర ఒకటి ఉంది. ఈ కొత్త బండికి ఆ అర ఒకటి వస్తుందా, రెండు వస్తాయా? రెండువైపుల బంధువులూ ఒకే పనిని రెండు విధాలుగా నేర్పితే ఎవరి మాట వినాలి? వంశవృక్షం గీసి చూస్తే వజ్రాకారం ఏర్పడుతుంది కనుక దీనిని వజ్రసమస్య అంటారు. 1989లో బహువారసత్వాన్ని ప్రవేశపెట్టిన సి ప్లస్ ప్లస్ ఆ నిర్ణయాన్ని ప్రోగ్రామరుకే విడిచిపెట్టింది. 1995లో వెలువడిన జావా భాష క్లాసుకు ఒకే తండ్రి ఉండాలని శాసించింది. అయితే ఫలానా పనులు చేస్తానని ఎన్ని ఒడంబడికలపైనయినా సంతకం చేయటానికి అనుమతించింది.

ఆ జావాలోనే బుద్ధిమంతులు కూడా పొరబడతారనటానికి ఒక ఉదాహరణ మిగిలిపోయింది. పళ్లెములను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు వివరాలను దాచే పద్ధతి ఒకటున్నది. పైన పెట్టటం, పైదాన్ని తీయటం, అంతే. మధ్యలో చెయ్యి పెట్టకూడదు. దీనికోసం రాసిన 'స్టాక్' అనే క్లాసును 'వెక్టర్' అనే మరొక క్లాసుకు సంతానంగా చేశారు. వెక్టర్‌లో ఎక్కడైనా చొప్పించవచ్చు, ఎక్కడినుంచైనా తీయవచ్చు. ఆ స్వేచ్ఛలన్నీ వద్దన్నా స్టాక్‌కు సంక్రమించాయి. స్టాక్ తన లోపల ఒక వెక్టర్‌ను ఉంచుకుని దానిచేత పని చేయించుకుని ఉంటే సరిపోయేది. దాన్ని తండ్రిని చేసుకోవటమే తప్పయింది. వేలాది ప్రోగ్రాములు దానిపై ఆధారపడినందున ఆ తప్పును తరువాత దిద్దటానికి వీలులేకపోయింది.

1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ అనే నలుగురు రచయితలు తమ ప్రసిద్ధ గ్రంథంలో చేసిన హితబోధ ఇదే. వీలున్న చోటల్లా పుట్టుకకంటె పొత్తు మేలన్నది దాని సారాంశం. అవసరమైన నైపుణ్యం గల వస్తువును పక్కన పెట్టుకుని పని చేయించుకో. దాని వంశంలో పుట్టవలసిన అగత్యం లేదు. 2009లో గూగుల్ సంస్థ ప్రకటించిన గో భాషలో క్లాసుల వారసత్వాన్ని పూర్తిగా వదిలివేశారు.

మాట నిలిపే సంతానం

అయితే వారసత్వం ఎక్కడ ఉచితం? దీనికి తిరుగులేని గీటురాయిని ఇచ్చినవారు అమెరికా శాస్త్రజ్ఞురాలు బార్బరా లిస్కోవ్. 1987లో చేసిన ఉపన్యాసంలో ఆమె ప్రతిపాదించి, 1994లో జనెట్ వింగ్‌తో కలిసి విశదీకరించిన సూత్రం ఇది: తండ్రిని నమ్మి పని అప్పగించిన చోట కొడుకును నిలబెట్టినా, ఆ పని అప్పగించినవానికి తేడా తెలియకూడదు. తండ్రి ఇచ్చిన మాటలన్నీ కొడుకు నిలపాలి. పోలికలున్నంత మాత్రాన వారసుడు కాడు.

బ్యాంకునే తీసుకోండి. 'ఖాతా' అనే క్లాసు, ఉన్న సొమ్ముకు లోబడి ఎప్పుడు అడిగితే అప్పుడు కొంత ఇస్తానని మాట ఇచ్చింది. సేవింగ్సు ఖాతా ఆ మాటను నిలుపుతుంది. ఫిక్సెడ్ డిపాజిట్టు? వాడుకభాషలో అదీ ఒక ఖాతాయే. కాని దానినుంచి కోరినప్పుడల్లా కొంత కొంత తీయటానికి వీలుండదు. దానిని 'ఖాతా'కు సంతానంగా చేస్తే ఏమవుతుంది? నెలనెలా కరెంటు బిల్లు చెల్లించే ప్రోగ్రాము, ఖాతా కదా అని, దానినుంచి సొమ్ము తీయబోయి బోర్లపడుతుంది. ప్రోగ్రాము రాసినవాడు ఎక్కడా తప్పు చేయలేదు. బంధుత్వం కలిపినవానిదే తప్పు. మాటలో 'ఒక ఖాతా' అనిపించినది నడతలో ఖాతా కాలేకపోయింది.

పాత సరుకు మాటలను పరిశీలించకుండా కొత్త ఇంటికి తెచ్చుకుంటే ఎంత అనర్థమో 1996 జూన్ 4వ తేదీన ప్రపంచం చూసింది. దక్షిణ అమెరికాలోని కురూ కేంద్రంనుంచి యూరపు దేశాల కొత్త రాకెట్టు ఆరియాన్ 5 తొలిసారి నింగికెగిసింది. దాదాపు నలభై సెకన్లకే నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలతో సహా ముక్కలైపోయింది. మనుషులు లేని రాకెట్టు కనుక ప్రాణనష్టం మాత్రం తప్పింది. రాకెట్టు గమనాన్ని కనిపెట్టి చూసే పరికరంలోని ప్రోగ్రామును పాత ఆరియాన్ 4నుంచి ఉన్నదున్నట్లు తెచ్చారు. అందులో అడ్డవేగానికి సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను చిన్న అరలోకి మార్చే భాగం ఉన్నది. ఆ అరలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. పాత రాకెట్టు మార్గంలో అంత సంఖ్య రాదు కనుక అక్కడ రక్షణ పెట్టలేదు. కొత్త రాకెట్టు అడ్డవేగం చాలా ఎక్కువ. సంఖ్య పొంగిపోయింది. ఆపదకు ఆదుకోవలసిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉన్నందున అది అంతకు క్షణంలోని చిన్న భాగం ముందే ఆగిపోయింది. పైగా ఆ లెక్క రాకెట్టు నేల విడిచిన తరువాత ఆరియాన్ 5కు అవసరమే లేదు.

ఆ ప్రోగ్రాములోని పొరపాటు క్లాసుల వారసత్వం వల్ల కలిగింది కాదు. అయినా నీతి ఒకటే. ప్రతి భాగమూ కొన్ని షరతులపై పని చేస్తుంది. ఆ షరతులు రాతపూర్వకంగా ఉండాలన్నది ఐఫెల్ భాషను సృష్టించిన బెర్ట్రాండ్ మేయర్ వాదం. పనిచేయించుకునేవాడు ఏం ఇవ్వాలి, పనిచేసేవాడు ఏం తిరిగి ఇవ్వాలి అన్న ఒప్పందాన్ని ప్రోగ్రాములోనే రాయాలని ఆయన 1980ల నుంచీ చెబుతున్నాడు. ఆరియాన్ ప్రమాదాన్ని కూడా ఆయన ఆ దృష్టితోనే విశ్లేషించాడు. అరువు తెచ్చుకున్న నగ మెడకు సరిపోతుందో లేదో చూసుకోవలసిన బాధ్యత పెట్టుకునేవారిదే.

పదవి పుట్టుక కాదు

వీటన్నిటికంటె సూక్ష్మమైన పొరపాటు మరొకటున్నది. ఒక కార్యాలయానికి ప్రోగ్రాము రాయాలి. 'ఉద్యోగి' అనే క్లాసు రాశారు. 'గుమాస్తా', 'మేనేజరు' అనే రెండు క్లాసులను దానికి సంతానంగా చేశారు. చూడటానికి ముచ్చటగా ఉన్నది. గుమాస్తా ఒక ఉద్యోగి. మేనేజరూ ఒక ఉద్యోగి. లిస్కోవ్ పరీక్షకు కూడా నిలిచింది. ఏడాది గడిచాక ఒక గుమాస్తాకు ప్రమోషను వచ్చింది.

ఇప్పుడేం చేయాలి? జావా, సి ప్లస్ ప్లస్ వంటి భాషలలో ఒక క్లాసులో పుట్టిన ఆబ్జెక్టు చివరివరకు ఆ క్లాసుకే చెందుతుంది. గుమాస్తాగా పుట్టినవాడు మేనేజరు కాలేడు. ఆ ఆబ్జెక్టును చెరిపివేసి, మేనేజరుగా మరొకదాన్ని పుట్టించి, పాతవాని సర్వీసు, సెలవులు, ప్రావిడెంటు ఫండు వివరాలను దానిలోకి మోయాలి. పాతవానిని ఎరిగిన చోట్లన్నిటికీ కబురు పంపాలి. ఒక్కచోట మరచిపోయినా, చెరిగిపోయిన మనిషి పేర జీతం లెక్క నడుస్తుంది. ఒకే మనిషి పగలు గుమాస్తాగానూ సాయంత్రం యూనియన్ కార్యదర్శిగానూ ఉంటే అతనిని ఏ వంశంలో చేర్చాలి?

అనుభవజ్ఞులు చెప్పే పరిష్కారం సులభమైనదే. మనిషి మనిషిగానే ఉండాలి. అతనికి ఒక పదవి ఉంటుంది. పదవిని వేరే క్లాసుగా రాసి, దాన్ని మనిషికి తగిలించాలి. ప్రమోషను వచ్చిననాడు పాత పదవిని తీసి కొత్తది తగిలిస్తే సరి. మనిషి మారలేదు, చరిత్ర చెరగలేదు. 'అతడు గుమాస్తా' అన్న వాక్యాన్ని 'అతనికి గుమాస్తా పదవి ఉన్నది' అని మార్చటంలోనే ఉన్నది రహస్యమంతా. మారగలదాన్ని మారనిదానిగా రాస్తే మనిషి దానిలో బందీ అవుతాడు. మనుషులను పుట్టుకతో వర్గీకరించే అలవాటు గల సమాజాలకు ఈ పాఠం ప్రోగ్రాములకు అవతల కూడా అర్థవంతంగా తోచవచ్చు.

నైగార్డ్‌కు మాత్రం తన భాషకూ మనుషులకూ గల సంబంధం మొదటినుంచీ పట్టింపే. కార్ఖానాను యంత్రంలో అనుకరించగల సాధనం యజమానుల చేతిలో ఉంటే, పనివారిని అదుపు చేయటానికీ ఉపయోగపడుతుందని అతడు గ్రహించాడు. 1970ల ప్రారంభంలో నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. తమ పనిస్థలంలోకి వచ్చే కంప్యూటరు వ్యవస్థలను కార్మికులే అర్థం చేసుకుని, వాటి గురించి మాట్లాడగలిగేలా వారితో కలిసి పాఠాలు రూపొందించాడు. వాడేవారిని కూడా రూపకల్పనలో పాలుపంచుకోనివ్వాలన్న స్కాండినేవియా సంప్రదాయానికి అది నాంది అయింది.

దాల్, నైగార్డ్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు. మరుసటి ఏడాది జూన్ 29న దాల్, ఆగస్టు 10న నైగార్డ్ కన్నుమూశారు. నల్లబల్ల ముందు జతగా నిలిచిన ఇద్దరి మధ్య ఆరు వారాల ఎడం మాత్రమే.

వారు విడిచివెళ్లిన క్లాసులను నేడు ప్రపంచమంతటా విద్యార్థులు మొదటి పాఠాలలోనే నేర్చుకుంటున్నారు. రెండు క్లాసులను కలపబోయే ముందు ఒక విద్యార్థి తన్ను తాను అడగవలసిన ప్రశ్నలు మూడే. ఇది నిజంగా అదేనా, ఎప్పటికీ అదేనా? లేక దానిని తనలో కలిగి ఉన్నదా? లేక కాసేపు దానితో పని పడిందా? మొదటి ప్రశ్నకు గుండెపై చెయ్యి వేసుకుని అవునని చెప్పగలిగినప్పుడే వారసత్వం. మిగిలిన చోట్లన్నిటా పొత్తు చాలు.